టిప్ నుంచి వెనక్కి లెక్క: ఒక బాయిల్డ్ రైస్ మిల్లుకి స్ప్రే మెషిన్లు ఎలా ఎంచుకున్నాం

మిల్లు ఓనరు ఫోన్‌లో ఒక మెషిన్ ఫోటో చూపించి, "తమ్మీ, ఇదొక్కటి కొంటే గోడలు, ట్యాంకులు, ఎలివేటర్లు అన్నీ అయిపోతయి కదా, వీడియోల అట్లనే చూపిస్తున్నరు" అన్నారు. నేను వెంటనే కాదనలేదు. ఎందుకంటే పదేళ్ల కింద నేనూ అలాగే అనుకుని ఒకటి కొన్నాను, అది ఇప్పటికీ మా షెడ్డులో ఒక మూల పాత తట్టల కింద ఉంది.

పని మిర్యాలగూడ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో, పోయిన ఏడాది ఆగస్టులో. వడ్ల సీజన్ మొదలయ్యేలోపు మెయింటెనెన్స్ కోసం మిల్లు 24 రోజులు ఆపుతారు, ఆ లోపు పెయింటింగ్ మొత్తం అయిపోవాలి. చేయాల్సినవి ఇవి: షెడ్డు, గోదాం బయటి గోడలు కలిపి సుమారు 14,000 చదరపు అడుగులు, వడ్లు నానబెట్టే ట్యాంకులు 8, వాటి కింద స్టాండు, మెట్లు, రెయిలింగులు, వడ్లు, బియ్యం పైకి ఎత్తే ఎలివేటర్లు 6, డ్రయ్యర్ బాడీ, మోటార్లు, గేర్‌బాక్సులు, ఆఫీసు గది. వీటిలో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. గోడ మీద ఊక బూడిద పేరుకుపోయి ఉంటుంది. ట్యాంకు స్టాండు మీద ఆవిరి, వేడినీళ్లు కారి కారి తుప్పు రేకులు లేచి ఉంటుంది. గేర్‌బాక్సు మీద గ్రీజు. అన్నిటికీ ఒకే గన్ను అంటే దోసెకీ అన్నానికీ ఒకే గరిటె అన్నట్టే, పని జరుగుతుంది కానీ జరిగినట్టు ఉండదు.

నేను ఈ పనిలోకి వచ్చింది ట్రాక్టరు ట్రాలీలు, హార్వెస్టర్లు పెయింట్ చేసే షెడ్డు నుంచి. కంప్రెసర్, కప్పు గన్ను, థిన్నర్ వాసన, అదే నా చదువు. అందుకే మొదట్లో ఎయిర్‌లెస్ మెషిన్ అంటే పెద్ద కంప్రెసర్ లాంటిదే అనుకున్నాను, అక్కడే తప్పు జరిగింది. కంప్రెసర్ గన్నులో గాలి వచ్చి పెయింటుని చితక్కొడుతుంది. ఎయిర్‌లెస్‌లో గాలే ఉండదు, పంపు పెయింటుని 2,000 నుంచి 3,000 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా ఒత్తి ఒక సన్నటి రంధ్రంలోంచి బయటికి తోస్తుంది, ఆ ఒత్తిడికి పెయింటే పొగలా చీలిపోతుంది. కాబట్టి ఎయిర్‌లెస్‌లో మెషిన్ కన్నా ముందు చూడాల్సింది ఆ రంధ్రం, అంటే టిప్. షాపుకి వెళ్లగానే మనం "ఎన్ని హెచ్‌పీ, ఎంత ప్రెషరు" అని అడుగుతాం. వాళ్లూ అదే చెప్తారు. అడగాల్సింది "ఈ పంపు ఎంత సైజు టిప్ దాకా మోస్తుంది" అని.

టిప్ మీద 517 అని మూడంకెలు ఉంటాయి. మొదటి అంకెని రెండుతో గుణిస్తే, గోడకి అడుగు దూరంలో పట్టుకున్నప్పుడు పెయింట్ పట్టీ ఎన్ని అంగుళాల వెడల్పు పడుతుందో వస్తుంది, అంటే 10 అంగుళాలు. చివరి రెండంకెలు రంధ్రం సైజు, అంగుళంలో వెయ్యోవంతుల్లో, అంటే 0.017 అంగుళం. 217 కూడా అంతే పెయింట్ వదులుతుంది కానీ దాన్ని 4 అంగుళాల్లోకి కుదిస్తుంది. ఈ సంగతి తెలియక మా దగ్గర చేసిన ఒక కుర్రాడు పైపు మీద సన్నగా పడుతుందని 217 పెట్టి మామూలు వేగంతోనే చెయ్యి ఆడించాడు, పైపు పొడుగునా కన్నీళ్లు కారినట్టు కారింది.

ఇక అసలు లెక్క. 2,000 పీఎస్ఐ దగ్గర నీళ్లతో కొలిస్తే 15 టిప్ నిమిషానికి 0.9 లీటరు వదులుతుంది, 17 అయితే దాదాపు 1.2, 19 అయితే దాదాపు 1.5, 21 అయితే 1.8, 25 అయితే రెండున్నర లీటర్లు. పెయింట్ చిక్కగా ఉంటుంది కాబట్టి కొంచెం తక్కువే వెళ్తుంది, కానీ ఎంచుకోవడానికి ఈ లెక్క చాలు. మార్కెట్లో మధ్యరకం ఎలక్ట్రిక్ మెషిన్లు నిమిషానికి 1.8 లీటర్లు పంపు చేసి "మాగ్జిమం టిప్ 21" అని రాసి ఉంటాయి. దాని అర్థం 21 పెట్టి రోజంతా కొట్టమని కాదు. 21 పెడితే పంపు ఆగకుండా పరిగెడుతూనే ఉంటుంది. నాలుగు రోజులకి టిప్ అరిగి 23 లాగా తయారవగానే పంపు అందుకోలేదు, ప్రెషర్ పడిపోతుంది, పట్టీకి రెండంచుల్లో దట్టంగా తోకల్లా గీతలు పడతాయి. అప్పుడు మనవాళ్లు చేసే మొదటి పని ఇంకో మగ్గు నీళ్లు కలపడం. తోకలు పోతాయి, పెయింట్ మందం కూడా పోతుంది. కాబట్టి నా పద్ధతి: ఏ ఉపరితలం, దానికి ఏ పెయింట్, ఆ పెయింట్ కంపెనీ డేటా షీటులో ఏ టిప్ రాశాడు, ఆ టిప్ కన్నా రెండు మూడు సైజులు ఎక్కువ మోసే పంపు ఏది, ఆ పంపుకి అక్కడ కరెంటు ఉందా గాలి ఉందా. ఈ వరసలో వెళ్లాలి. చాలామంది ఇదే వరసని తలకిందులుగా చేస్తారు, ముందు మెషిన్ కొని, దానికి సరిపోయేలా పెయింటుని పలచన చేస్తారు.

ముందు గోడలు. ఎక్స్‌టీరియర్ ఎమల్షన్, డేటా షీటు ప్రకారం 17 నుంచి 19 టిప్. పంపు 21 మోసేది అయితే చాలు, గన్ను ఒక్కటే. కాబట్టి ఎలక్ట్రిక్ ఎయిర్‌లెస్ తీసుకోవాలనుకున్నాం. కొనేముందు మూడు రోజులు అద్దెకి తెచ్చి చూద్దామని టౌన్‌లో ఒక షాపు నుంచి తెచ్చాం. చూడ్డానికి శుభ్రంగా ఉంది, అద్దె కూడా తక్కువ. నేను ఏ మెషిన్ వచ్చినా ముందు ఒక పని చేస్తాను, సిమెంటు బస్తా చింపి గోడకి అతికించి, అడుగు దూరం నుంచి ఒక్క క్షణం కొట్టి టేపుతో కొలుస్తాను. టిప్ మీద 517 ఉంది, పట్టీ 10 అంగుళాలు రావాలి, వచ్చింది 7. టిప్ అరిగితే రంధ్రం గుండ్రంగా పెద్దదవుతుంది, పట్టీ చిన్నదవుతుంది, పెయింట్ ఎక్కువ పోతుంది. పట్టీ పావు వంతు తగ్గితే టిప్ పారేయాలని లెక్క, ఇది అంతకు మించే పోయింది. షాపాయనకి ఫోన్ చేస్తే "మొన్ననే వేసిన కొత్తది" అన్నాడు. మొన్ననే కావచ్చు, కానీ మధ్యలో ఎవరో దాంతో సిమెంట్ పెయింటో, వడగట్టని సున్నమో కొట్టి ఉంటారు, ఇసుక కాగితం పెట్టి రుద్దినట్టు అరిగిపోతుంది. కొత్త టిప్ మేమే కొనుక్కున్నాం. అద్దె మెషిన్ తెచ్చేవాళ్లు టిప్ మాత్రం సొంతంగా జేబులో పెట్టుకుని వెళ్లండి, పెన్ను లాగా.

గోడల దగ్గర మాకు మెషిన్ కన్నా ఎక్కువ టైం తిన్నది వేరేవి. బూడిద. బాయిలర్‌లో కాలేది ఊకే కాబట్టి పడమటి గోడంతా నల్లటి పొర, వేలితో గీస్తే గీత పడుతుంది. దాని మీద స్ప్రే చేస్తే పెయింట్ గోడకి కాదు బూడిదకి అంటుకుంటుంది, ఒక వానకి పొట్టు లాగా లేస్తుంది. ప్రెషర్ వాషర్‌తో కడిగి, ఆగస్టు కాబట్టి మూడు రోజులు ఆరనిచ్చి, పాత సున్నం ఉన్నచోట గీకి ప్రైమర్ వేశాం. ఆ ప్రైమర్ కోటుని స్ప్రే చేస్తూనే వెనక ఒకడు రోలర్‌తో రుద్దుకుంటూ వచ్చాడు. ఇది చాలామంది వదిలేస్తారు, స్ప్రే ఉంటే రోలర్ ఎందుకని. ప్లాస్టరు గరుకుగా ఉంటే స్ప్రే పైపైన దుప్పటి కప్పినట్టు పడుతుంది, చిన్న చిన్న గుంటల్లోకి దిగదు. రోలర్ దాన్ని లోపలికి తోస్తుంది. పై రెండు కోట్లకి మాత్రం రోలర్ వాడలేదు.

నీళ్లు 10 - 15 శాతం దగ్గర ఆపాం. బకెట్ మీద రోలర్‌కి రాసిన పాళ్లు స్ప్రేకి వాడితే కారుతుంది. పెయింట్ ఎంత మంచి కంపెనీదైనా సరే, నైలాన్ జాలీలో వడగట్టకుండా ఒక్క చుక్క కూడా పంపులోకి పోనివ్వలేదు, ఆ కోపం మా కుర్రాళ్లకి నా మీద ఇంకా ఉంది.

కరెంటు సంగతి. మిల్లులో త్రీ ఫేజ్ ఉంది కదా ఎక్కడైనా పెట్టుకోవచ్చనుకున్నాం. కానీ మెయింటెనెన్స్ టైంలో ప్రతి మూలా వెల్డింగ్ నడుస్తుంటుంది, వెల్డింగ్ మెషిన్ ఆన్ ఆఫ్ అయినప్పుడల్లా లైను ఎగిరి దూకుతుంది. ఈ ఎలక్ట్రిక్ పంపుల్లో ప్రెషర్ చూసుకునేది ఒక చిన్న బోర్డు, దానికి ఇలాంటివి పడవు. అందుకని ఆఫీసు గది లైను నుంచి విడిగా తీసుకున్నాం. దూరం వెళ్లాల్సి వచ్చినప్పుడు కరెంటు వైరు పొడిగించకుండా పెయింట్ హోసు పొడిగించాం. సన్నటి వైరు 50 మీటర్లు లాగితే మోటారు దగ్గరికి వోల్టేజి చేరదు, హోసు పొడిగిస్తే కొంచెం ప్రెషర్ మాత్రమే పోతుంది, దాన్ని నాబ్ తిప్పి సరిచేసుకోవచ్చు.

ఆఖరికి గోడలు: ముసుగులు కట్టడానికి ఒకటిన్నర రోజు, స్ప్రే నాలుగు రోజులు, మనుషులు ముగ్గురు. ఇంతే పని రోలర్లతో అయితే నలుగురితో తొమ్మిది రోజులని నా అంచనా. పెయింట్ మాత్రం నేను రోలర్‌కి వేసుకున్న లెక్క కన్నా 15 శాతం ఎక్కువ పోయింది. స్ప్రేలో పెయింట్ మిగులుతుందని చెప్పేవాళ్లని నమ్మకండి, మిగిలేది రోజులే. ఈ మెషిన్ మేం ఆ నెలాఖరుకి కొనేశాం, అదే రకం, కొత్తది.

ఇప్పుడు ట్యాంకులు, ఓనరు గారితో అసలు వాదన జరిగింది ఇక్కడే. ఆయన రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, ఎనామిల్ ఒక కోటు అన్నారు, ప్రతి ఏడాదీ అదే వేస్తున్నారట. ప్రతి ఏడాదీ వేయాల్సి వస్తుందంటేనే అది పనికిరావట్లేదని కదా అన్నా అన్నాను. వేడి, తడి, ఆరడం, మళ్లీ తడి, ఈ చక్రంలో ఎనామిల్ నిలబడదు. శాండ్ బ్లాస్టింగ్ చేస్తే బాగుండేది కానీ చుట్టూ బేరింగులు, మోటార్లు ఉన్న చోట ఇసుక ఎగరేయడం కుదరదు. కాబట్టి గ్రైండర్ మీద వైరు కప్పు పెట్టి ఎస్‌టీ 3 దాకా, అంటే ఊడేదేదీ మిగలకుండా లోహం మెరిసేదాకా రుద్ది, ఆ మాత్రం తయారీకి తట్టుకునే టూ ప్యాక్ (రెండు డబ్బాలు కలిపి వాడే) ఎపాక్సీ మాస్టిక్ పెయింట్ వేద్దామన్నాను. రుద్దకముందే థిన్నర్ గుడ్డతో గ్రీజు తుడవాలి, లేకపోతే వైరు బ్రష్షు ఉన్న గ్రీజుని ట్యాంకంతా పూస్తుంది.

ఈ మాస్టిక్‌లో ఆరాక మిగిలే గట్టి పదార్థం 80 శాతం, ఆరిన పొర మందం 125 మైక్రాన్లు ఉండాలి. డేటా షీటులో టిప్ 19 నుంచి 23, ప్రెషర్ కూడా గోడల పెయింట్ కన్నా ఎక్కువ అడుగుతుంది. మా ఎలక్ట్రిక్ మెషిన్ 19 టిప్‌తో లాగుతుందేమో కానీ 21 పెట్టామంటే దాని అంచుకి వచ్చేస్తాం. దానికన్నా పెద్ద విషయం, ఇందులో మండే సాల్వెంట్ ఉంది, ఎలక్ట్రిక్ పంపులో మోటారు, స్విచ్చి, నిప్పురవ్వలు. ఇలాంటి పెయింటుతో వాడితే పంపుని ఆవిరికి కనీసం 6 మీటర్ల దూరంలో పెట్టమని మెషిన్ పుస్తకాల్లోనే ఉంటుంది, ట్యాంకుల మధ్య ఇరుకులో అది అయ్యే పని కాదు. గాలితో నడిచే పంపులో ఆ గొడవ లేదు. 45:1 పంపు అంటే 60 పీఎస్ఐ గాలి ఇస్తే పెయింట్ మీద 2,700 పీఎస్ఐ వస్తుంది, ఘర్షణలో కొంత పోయినా మాకు చాలు.

కానీ గాలి ఎక్కడిది? మా దగ్గరున్నది 2 హెచ్‌పీ పిస్టన్ కంప్రెసర్, హెచ్‌పీకి 4 సీఎఫ్‌ఎం వేసుకున్నా 8 దాటదు (సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని). పంపు లెక్క కడదాం. నిమిషానికి లీటరున్నర పెయింట్ కావాలంటే 45 రెట్లు గాలి, అంటే 67 లీటర్లు, అదీ 60 పీఎస్ఐ దగ్గర ఒత్తిన గాలి. మామూలు గాలిగా మారిస్తే దాదాపు 340 లీటర్లు, అంటే 12 సీఎఫ్‌ఎం. లీకులు, పంపు స్ట్రోకుల నష్టం కలుపుకుని 25 ఉంటే నిశ్చింత. డీజిల్ కంప్రెసర్ అద్దెకి అడిగితే రోజు అద్దె విని ఓనరు గారు కుర్చీలోంచి లేచారు.

అప్పుడు మా కుర్రాడొకడు అన్నాడు, "అన్నా, సార్టెక్స్ కాడ స్క్రూ కంప్రెసర్ ఊకెనే ఉంది కదా" అని. నాకు సిగ్గేసింది, రోజూ దాని పక్కనుంచే నడుస్తున్నాను. రంగు మారిన బియ్యపు గింజని సార్టెక్స్ మెషిన్ గాలి ఊది ఎగరగొడుతుంది కాబట్టి ప్రతి మిల్లులో మంచి కంప్రెసర్ ఉంటుంది, దాంతో పాటు ఎయిర్ డ్రయ్యర్ కూడా. మిల్లు ఆపారు కాబట్టి అది ఖాళీ. 20 హెచ్‌పీ, అంటే సుమారు 80 సీఎఫ్‌ఎం. పైగా ఆ గాలిలో నీళ్లుండవు, నూనెని ఫిల్టర్లు పట్టేస్తాయి. ఆగస్టులో మా పిస్టన్ కంప్రెసర్ ట్యాంకు కింద కుళాయి తిప్పితే లోటా నీళ్లొస్తాయి, ఆ నీళ్లు గన్నులోకి వస్తే ఎనామిల్ మీద చేపకళ్లు, అంటే చిన్న చిన్న గుండ్రటి గుంటలు. ఓనరు గారు ఒక షరతు పెట్టారు: ఆ గాలి లైనులోకి పెయింట్ వెనక్కి పోతే సార్టెక్స్ ఖరీదు మేము కట్టాలి. సార్టెక్స్ వైపు వాల్వు మూసి తాళం వేయించాం, మా లైనుకి నాన్ రిటర్న్ వాల్వు పెట్టాం, తాళంచెవి ఆయన జేబులో.

పంపుని పెయింట్ సరఫరా చేసిన డీలరు ద్వారా అద్దెకి తెచ్చాం. ఎనిమిది ట్యాంకుల బయటి భాగం దాదాపు 220 చదరపు మీటర్లు. 80 శాతం గట్టి పదార్థం, 125 మైక్రాన్లు అంటే లీటరుకి 6.4 చదరపు మీటర్లు, కాగితం మీద 34 లీటర్లన్నర. అయింది 51. మూడో వంతు గాలికి, ప్లాస్టిక్ షీట్లకి, బకెట్ అడుక్కి పోయింది. గుండ్రటి ట్యాంకుకి ఇది మామూలే, పట్టీ అంచులు వంపు దాటి పోతాయి. తడి మందం కొలిచే దువ్వెన లాంటి గేజి ఒకటి ఉంటుంది, అది మేస్త్రీ జేబులో ఉండాల్సిందే. 125 ఆరాక రావాలంటే తడిగా 156, మేం 5 శాతం థిన్నర్ కలిపాం కాబట్టి 164. మొదటి ట్యాంకుకి మా వాళ్లు 250 వేసేశారు, కొట్టేటప్పుడు నల్లగా నిగనిగలాడుతుంటే చెయ్యి ఆగదు. రెండో ట్యాంకు నుంచి దారిన పడ్డారు.

స్ప్రే చేసే ముందు వెల్డింగు అతుకులు, బోల్టులు, యాంగిల్ అంచులు బ్రష్షుతో ఒకసారి పూశాం. అంచు దగ్గర పెయింట్ వెనక్కి లాక్కుంటుంది, తుప్పు ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. పొద్దున్న తొమ్మిదిన్నర దాకా గన్ను ముట్టుకోనివ్వలేదు. గాలిలో తేమ 85 శాతం దాటితే, ఇనుము వేడి మంచు పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు పైన లేకపోతే ఎపాక్సీ కొట్టకూడదు. రాత్రి వాన పడిన రోజుల్లో ట్యాంకు మీద చెయ్యి పెడితేనే తెలిసేది, చెమట పట్టినట్టు ఉండేది.

మా తప్పు కూడా చెప్పాలి. మూడో రోజు మధ్యాహ్నం భోజనాల టైం, డబ్బాలో కలిపిన ఎపాక్సీ ఇంకా ఉంది, మబ్బు పట్టింది, త్వరగా తిని వచ్చి కొట్టేద్దామని పంపు కడక్కుండా వెళ్లాం. డబ్బా మీద 30 డిగ్రీల దగ్గర పాట్ లైఫ్ (కలిపాక వాడగలిగే టైం) రెండు గంటలని ఉంది. అది ఒక లీటరో రెండు లీటర్లో కలిపినప్పటి లెక్క, మేం 18 లీటర్లు ఒకేసారి కలిపాం. ఎక్కువ కలిపితే లోపల వేడి పుట్టి త్వరగా గట్టిపడుతుంది. పైగా వాన మొదలై వడ్ల గోదాంలో ఇరుక్కుపోయాం. గంటన్నరకి వచ్చి చూస్తే డబ్బా పట్టుకోలేనంత వేడిగా ఉంది, హోసు కర్రలా నిటారుగా నిలబడింది. 15 మీటర్ల హోసు, గన్ను, ఫిల్టరు పోయాయి. పంపు లోపలి భాగం విప్పి గీకి బతికించాం, రాత్రి పదకొండు అయింది, మా ఆవిడ ఫోన్లో టెన్షన్ పడుతూనే ఉంది. అప్పటి నుంచి టూ ప్యాక్ ఏదైనా ఐదు లీటర్లకి మించి కలపం, కలిపిన టైం డబ్బా మీద మార్కర్‌తో రాస్తాం, భోజనానికి ముందు పంపులో థిన్నర్ తిరగాల్సిందే.

మెషినరీ దగ్గర ఎయిర్‌లెస్ పూర్తిగా పక్కన పెట్టాం. మోటారు, గేర్‌బాక్సు, గార్డులు, పుల్లీ కవర్లు చిన్న చిన్న ముక్కలు. 10 అంగుళాల పట్టీతో 6 అంగుళాల మోటారు మీద కొడితే సగం పెయింట్ పక్కింటికి పోతుంది. ఎలివేటర్ బాడీల పెద్ద రేకులకి, డ్రయ్యర్ బాడీకి 10 లీటర్ల, గాలి ఒత్తిడితో పెయింటుని గన్నులోకి తోసే ప్రెషర్ పాట్‌తో మామూలు గన్ను, చిన్న వాటికి హెచ్‌వీఎల్‌పీ (ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడి) కప్పు గన్ను, 1.4 మి.మీ. నాజిల్. హెచ్‌వీఎల్‌పీలో క్యాప్ దగ్గర గాలి 10 పీఎస్ఐ దాటదు, పెయింట్ మెల్లగా వెళ్లి అంటుకుంటుంది, ఎగిరిపోయేది తక్కువ. కానీ ఆ గన్ను గాలిని పీపాలు పీపాలు తాగుతుంది. మా 2 హెచ్‌పీ మీద పెట్టి "హెచ్‌వీఎల్‌పీ బాగోదు, చుక్కలు చుక్కలు పడుతుంది" అని ఐదేళ్లు తిట్టుకున్నాను. సార్టెక్స్ గాలి మీద పెట్టాక అదే గన్ను కారు పెయింట్ లాగా వేసింది. ఎనామిల్ చిక్కదనం ఫోర్డ్ కప్పు 4 (అడుగున రంధ్రం ఉన్న కొలత కప్పు) లోంచి కారిపోవడానికి 20 నుంచి 25 సెకన్లు, కప్పు లేకుండా కర్ర ముంచి చూసే అలవాటు నాకూ ఉంది, రంగు రంగుకీ తేడా వచ్చేస్తుంది.

ఓనరు గారు ఎలివేటర్లకి పీయూ (పాలీయురేథేన్) పెయింట్ అడిగారు, మెరుపు చూసి. కాదన్నాను. టూ ప్యాక్ పీయూ హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది, స్ప్రే చేస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ఆస్తమా తెప్పిస్తుంది, మెడికల్ షాపు మాస్కు దాన్ని ఆపదు, బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి. అవి మా దగ్గర లేవు. లేనప్పుడు ఆ పెయింట్ మాకు లేదు, అంతే.

ఇంకో రెండు చోట్ల కూడా స్ప్రే వద్దన్నాం. ఒకటి ఎలివేటర్ గుంటలు. మిల్లు చూసినవాళ్లకి తెలుసు, ఎలివేటర్ అడుగు భాగం నేల కింద ఎనిమిది, పది అడుగుల గుంటలో ఉంటుంది. థిన్నర్ ఆవిరి గాలి కన్నా బరువు, నీళ్లలాగా గుంటలోకి దిగి కూర్చుంటుంది. అక్కడ స్ప్రే చేస్తే మనిషికి మత్తు, ఒక నిప్పురవ్వకి అంతా అంటుకోవడం. బ్లోయర్ పెట్టి, మనిషి పైన కాపలా ఉండి, బ్రష్షుతోనే చేశాం. రెండోది షెడ్డు పక్క జీఐ (జింకు పూత ఉన్న) రేకులు. జింకు మీద నేరుగా ఎనామిల్ వేస్తే జింకు, ఎనామిల్‌లోని నూనె కలిసి మధ్యలో సబ్బు లాంటి పొర తయారై ఏడాదిలో పాము కుబుసంలా ఊడుతుంది. ముందు జింకుకి వేసే ఎచ్ ప్రైమర్ వేయాలన్నాం, ఆ ఖర్చు ఆయన ఒప్పుకోలేదు, రేకులు వదిలేశాం. ఊడిపోయే పెయింట్ వేసి మన పేరు రాసుకోవడం ఎందుకు.

అందరూ వినాల్సిన మాట ఒకటుంది. ఎయిర్‌లెస్ టిప్ ముందు వేలు పెట్టకండి, అడ్డుపడిందని గుడ్డతో తుడవడానికి కూడా. 2,000 పీఎస్ఐ పెయింట్ చర్మంలోకి సూదిలా దూరుతుంది. బయటికి సూది గుచ్చినంత చుక్క, నొప్పి కూడా మొదట తక్కువ. చిన్న గాయం కదా అని కట్టు కట్టించుకుని వస్తే వేలు, ఒక్కోసారి చెయ్యి పోతుంది. వెంటనే సర్జన్ ఉన్న ఆస్పత్రికి వెళ్లి "హై ప్రెషర్ పెయింట్ లోపలికి పోయింది" అని చెప్పాలి, పెయింట్ డబ్బా ఫోటో కూడా చూపించాలి. టిప్ అడ్డుపడితే ముందు ట్రిగ్గర్ లాక్, పంపు ఆఫ్, ప్రెషర్ రిలీజ్, ఆ తర్వాతే చెయ్యి. మా దగ్గర ఇది మర్చిపోయినవాడికి ఆ రోజంతా గన్ను లేదు, వైరు బ్రష్షే.

గాలి సంగతి ఒకటి మర్చిపోయాను. పడమటి గోడ కొడుతున్న రోజు మధ్యాహ్నం గాలి లేచింది, కాటా దగ్గర ఆగిన లారీ అద్దం మీద మంచు పడ్డట్టు తెల్లటి చుక్కలు. డ్రైవర్ మంచివాడు, ఎమల్షన్ కాబట్టి తడిగుడ్డతో పోయింది. అదే ఎపాక్సీ అయితే అద్దం మార్చాల్సి వచ్చేది. ఆ తర్వాత పడమర వైపు పని పొద్దున్నే పెట్టుకున్నాం, కాటా వైపు ఒక కుర్రాడిని విజిల్ ఇచ్చి నిలబెట్టాం.

మొత్తం పని 24 రోజులు అనుకున్నది 25 అయింది, ఆ ఒక్క రోజూ గట్టిపడిన హోసు ఖాతాలో. మళ్లీ చేయాల్సి వస్తే ఎపాక్సీకి హోసులు విడిగా పెట్టుకుంటాను, ఎమల్షన్ కొట్టిన హోసునే కడిగి వాడితే లోపల నీటి చెమ్మ మిగిలి మొదటి ట్యాంకు మీద రెండు చోట్ల పాలవిరుగుడు లాంటి గడ్డలు పడ్డాయి, వాటిని గీకి మళ్లీ కొట్టాం. స్టాండు యాంగిళ్లకి కూడా స్ప్రే తగ్గించి బ్రష్షు ఇంకా ఎక్కువ వాడతాను.

ఈ జూన్‌లో వేరే పని మీద అటు వెళ్లి చూశాను. గోడలు బాగున్నాయి, బాయిలర్ వైపు మళ్లీ బూడిద పట్టింది కానీ కడిగితే పోతుంది. ట్యాంకులు ఏడు చెక్కు చెదరలేదు. ఎనిమిదో దాని వెనక, గోడకి జానెడు దూరంలో, గన్ను పట్టని చోట బోల్టుల వరసలో ఎర్రటి చుక్కలు కనిపించాయి. అక్కడ బ్రష్షు కూడా వేయలేదు మేము, చెయ్యి దూరదని వదిలేశాం. పొడుగు కర్రకి వంకర బ్రష్షు కట్టి చూస్తామని చెప్పాను. ఓనరు గారు తల ఊపి, జీఐ రేకుల ఎచ్ ప్రైమర్ ధర ఇప్పుడు ఎంతుందో కనుక్కోమన్నారు.